సిగ్నలున్నది.. బడే లేదు!

ఈ ఎండాకాలం మొదట్లో పెద్దపల్లి జిల్లాలో ఓ ఇటుక బట్టీ కాడికి పోయినం. పేరెందుకు, ఏ బట్టీ అయినా ఒక్కటే. పొద్దు పొడవక ముందే మట్టి తొక్కి, అచ్చు పోసి, ఎండకు పరిచిన పచ్చి ఇటుకలు. వాటి నడుమ పసిపిల్లలు. పచ్చి ఇటుకలను మర్లేసేటప్పుడు పెద్దోళ్ల కాలు పడితే పలుగుతాయి. పిల్లల కాళ్లు తేలిక. అందుకే ఆ పని వాళ్లది. పదేండ్ల పిల్ల ఒకతి తమ్మున్ని చంకనేసుకుని మా దిక్కు చూస్తున్నది. వాళ్లది ఒడిశాలోని బలాంగీర్ జిల్లా. వచ్చీరాని హిందీలో ఎన్నో తరగతి బిడ్డా అని అడిగినం. నాలుగు వేళ్లు చూపింది. గుడిసెలోకి ఉరికి సంచిలోంచి ఓ పుస్తకం పట్టుకొచ్చింది. ఒడియా వాచకం. అట్ట ఊడిపోయింది. పుటల మీద మట్టి వేలిముద్రలు. కానీ పాఠం పక్కన అచ్చేసిన ఆ నల్లచుక్కల చదరం, అదే క్యూఆర్ కోడ్, చెక్కుచెదరలేదు. మా ఫోన్ తీసి దాని మీద పెట్టినం. కొంచెంసేపు తిరిగింది. ఒడియాలో పాఠం తెరుచుకున్నది. ఆ పిల్ల తమ్మున్ని కిందికి దించి ఫోన్ ముందు కూలబడ్డది. సర్దార్ కేకేసేదాకా లేవలేదు.

సిగ్నలున్నది. పాఠమున్నది. పుస్తకమున్నది. చదువుకోవాలని కండ్లల్లో ఒత్తులేసుకున్న పిల్ల ఉన్నది. లేనిదల్లా బడి. ఆ బట్టీకి కూతవేటు దూరంలో సర్కారు బడి ఉన్నది, దాంట్లో కంప్యూటర్ కూడా ఉన్నది. అది మన ఊరి పిల్లల కోసం. ఈ పిల్ల కోసం కాదట.

హైటెక్ సిటీని చూపించి ఇరవై ఏండ్లు మనల్ని మురిపించారు. ఇప్పుడు ఏఐ సిటీ అంటున్నారు. టెక్నాలజీ వస్తే పేద పిల్ల, పెద్దింటి పిల్ల అనే తేడా చెరిగిపోతుందని చెప్పని నాయకుడు లేడు. మేం చూసింది వేరే. స్థానిక పిల్లకూ వలస పిల్లకూ నడుమ ఉన్న గోడను ఈ డిజిటల్ చదువు ఇంకో రెండు వరుసలు పైకి లేపింది. ఆ ఇటుకలు కూడా ఆ పిల్లలు మర్లేసినవే!

2020 యాది చేసుకుందాం. మార్చి నడుమ బడులు మూతపడ్డయి. ప్రైవేటు బడుల పిల్లలు నెలా రెండు నెలల్లో జూమ్ పాఠాల్లో పడ్డారు. సర్కారు బడి పిల్లలకు సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలైనయి. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా. టీవీ లేని పిల్లలను పంచాయతీ ఆఫీసు కాడ కూర్చోబెట్టారు. సార్లు, మేడమ్‌లు ఇండ్లకు ఫోన్లు చేశారు. అరకొరనే అయినా మన పిల్లల కోసం ఎవరో ఒకరు తండ్లాడారు. అందులోనూ మన పిల్లలందరికీ అందిందని మేమనడం లేదు. కరోనాకు ముందే, 2017-18 జాతీయ నమూనా సర్వే చెప్పింది కదా, దేశంలో పల్లె ఇండ్లల్లో కంప్యూటర్ ఉన్నవి నూటికి 4.4, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి నూటికి 15. ఆన్‌లైన్ చదువు అన్నప్పుడే పల్లె పిల్లను పక్కకు నెట్టినట్టు.

మరి బట్టీ కాడి పిల్ల? ఆ ఏడాది బడులు మూతపడ్డయి గానీ బట్టీలు ఆగలేదు. చలికాలం రాంగనే పొగ లేచింది. గుడిసెలో టీవీ లేదు. ఉంటే కూడా పాఠం తెలుగులో. ఇంటికి ఒకటే ఫోన్, అది నాయన నడుముకు. సర్దార్ ఎప్పుడు ఫోన్ చేస్తడో తెలవదు కాబట్టి దాన్ని పిల్ల చేతికి ఇయ్యడు. ఫోన్ చేసి ఎట్లున్నవ్ బిడ్డా అని అడిగే సారు ఎవరూ లేరు, ఎందుకంటే ఆ పిల్ల పేరు ఏ సారు రిజిస్టర్‌లోనూ లేదు.

అదే 2020లో ఏప్రిల్ 18న జరిగింది మర్చిపోయినమా? ములుగు జిల్లాలో మిరప తోటల్లో కాయ ఏరడానికి వచ్చిన పన్నెండేండ్ల ఆదివాసీ బిడ్డ, లాక్‌డౌన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు అడవి దారిన నడిచీ నడిచీ ఇల్లు ఇంకొంత దూరం ఉన్నదనంగ ప్రాణమిడిచింది. దేశమంతా ఆ బిడ్డ నడకను చూసింది. పన్నెండేండ్ల పిల్ల బడిలో కాకుండా మన మిరప తోటలో ఎందుకున్నదని అడిగినోళ్లు తక్కువ. మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. పన్నెండు వందల మంది దాకా ఎక్కారు. మొదటి రైలు మనదేనని గొప్పగా చెప్పుకున్నం. హైదరాబాద్ మేడలు కట్టిన చేతులు అన్ని ఇక్కడ ఉన్నయని కూడా ఆ రోజే దేశానికి తెలిసింది.

భాష దగ్గరికి వద్దాం. ఈ గోస మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? మన యాసను సినిమాలో విలన్‌కూ జోకర్‌కూ పెట్టి ఎక్కిరించినప్పుడు కడుపు మండిన జాతి మనది. పాఠ్యపుస్తకంలో మన పండుగ లేదు, మన చెరువు లేదు, మన అమ్మ మాట్లాడే మాట లేదు అని కొట్లాడినం. తరగతిలో లేచి నిలబడి ‘గిట్ల’ అన్నందుకు నవ్వులపాలైన పిల్లలమే మేమంతా. తెలుగులో తెలుగే మనకు అంత పరాయి అయితే, తెలుగు అక్షరమే తెలవని ఒడియా పిల్లకు తెలుగు టీవీ పాఠం ఏమవుతుంది? గోడ మీద ఆడే బొమ్మ. మన ఆదిలాబాద్ గోండు పిల్లకూ, కొలాం పిల్లకూ అంతే అయింది, వాళ్లు ఈ గడ్డకు మనకంటే ముందోళ్లు. ఆ ముచ్చట ఇంకోసారి విడిగా రాయాలె.

2025 ఫిబ్రవరిలో కొన్ని జిల్లాల ప్రాథమిక బడుల్లో ఏఐతో తెలుగు, లెక్కలు నేర్పుడు మొదలుపెట్టారు. మంచిదే, వెనకబడ్డ పిల్లను గుర్తుపట్టి మళ్లీ చెప్తుందట ఆ యంత్రం. ఆ యంత్రానికి ఒడియా నేర్పుడు కష్టమా? యంత్రానికి కష్టం లేదు. కష్టమంతా ఫైలుకే. ఒడియా మాది కాదని ఒక శాఖ, తెలంగాణలో ఉన్న పిల్ల మాకు సంబంధం లేదని అవతలి రాష్ట్రంలో ఇంకో శాఖ. 2020లో ఒడిశా సర్కారు తన పిల్లలకు వాట్సాప్‌లో పాఠాలు పంపింది. వాట్సాప్‌కు రాష్ట్ర సరిహద్దు ఉంటదా? నెట్‌కు లేని సరిహద్దును ఆఫీసర్లు గీసుకున్నారు.

ఇక అసలు కత కంప్యూటర్ రిజిస్టర్‌ది. ఉపాధ్యాయ మిత్రులకు ఇది బాగా తెలుసు, మిగతావాళ్ల కోసం చెప్తున్నం. 2022-23 నుంచి దేశంలో ప్రతి బడి పిల్ల వివరం యూడైస్ ప్లస్‌లోకి ఎక్కుతున్నది. ఒక్కో పిల్లకు ఒక శాశ్వత నంబర్. పిల్ల బడి మారితే పాత బడి ఆ పేరును వదలాలె, అది ‘డ్రాప్ బాక్స్’లో పడాలె, అక్కడినుంచి కొత్త బడి తీసుకోవాలె. వినడానికి బాగనే ఉన్నది. ఇప్పుడు మన పిల్ల సంగతి చూడండి. నవంబర్‌లో కాంటాబాంజీ స్టేషన్‌లో రైలెక్కింది. అక్కడి బడిలో పేరు అట్లనే ఉన్నది, ఎందుకంటే పేరు తీస్తే హాజరు తగ్గుతుంది, లెక్క తప్పుతుంది. ఇక్కడి హెడ్‌మాస్టర్ దయగలవాడనే అనుకుందాం, రా బిడ్డా అన్నాడనుకుందాం. కంప్యూటర్‌లో ఎక్కించబోతే నంబర్ ఏదంటుంది. నంబర్ దొరికితే ఆ బడి ఇంకా వదల్లేదంటుంది. కొత్తగా రాయాలంటే ఆధార్ అంటుంది, ఆధార్‌లో పేరు ఒక తీరు, బడిలో ఇంకో తీరు. ఓటీపీ పోయే నంబర్ సర్దార్‌దో, ఊర్లో ఉన్న ఎవరిదో. ఇదంతా తేలే లోపు జూన్ వస్తుంది, వాన పడుతుంది, బట్టీ ఆరుతుంది, పిల్ల రైలెక్కుతుంది. పేరు అక్కడి కంప్యూటర్‌లో, పిల్ల ఇక్కడి మట్టిలో. రెండు రాష్ట్రాల లెక్కల్లో ఎక్కడ వెతికినా బడి మానేసిన పిల్ల కనబడదు. ఇంతకంటే శుభ్రమైన మోసం ఉంటదా?

ఆధార్ లేదని పిల్లల హక్కు ఎగ్గొట్టొద్దని 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు కాగితం మీద ఉన్నది. స్క్రీన్ మీద మాత్రం ఎర్ర గుర్తు పెట్టిన గడి నింపందే ముందుకు పోదు. తీర్పు గొప్పదా, గడి గొప్పదా అంటే ఈ దేశంలో గడే గొప్పది!

మన దగ్గర స్థానికత అంటే ఏంది? 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి నిన్నమొన్నటి మెడికల్ సీట్ల కేసుల దాకా, వరుసగా నాలుగేండ్లు ఎక్కడ చదివినవ్ అన్నదే మన ప్రధానమైన కొలత. ఆ కొలత కోసం మనం ప్రాణాలిచ్చినం, అది తప్పని అనం. కానీ ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ తిరిగే పిల్లకు వరుస ఎక్కడిది? బడి సర్టిఫికెట్టే స్థానికతకు సాక్ష్యమైన దేశంలో బడి దొరకని పిల్ల ఏ గడ్డ మీదా స్థానికురాలు కాదు. పుట్టిన ఊర్లో వలసపోయిన పిల్ల, వచ్చిన ఊర్లో వలసొచ్చిన పిల్ల.

ఇది ఆ పిల్ల ఒక్కదాని కత కాదు. యునెస్కో 2018 నవంబర్‌లో వలస, చదువుల మీద తెచ్చిన నివేదికలో మన దేశం లెక్క ఉన్నది. 2013లో పల్లెల్లో ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలు 1 కోటి 7 లక్షల మంది సీజన్ వలసపోయే మనిషి ఉన్న ఇండ్లల్లో ఉన్నారు. అట్లాంటి ఇండ్లల్లో 15-19 ఏండ్ల పిల్లల్లో నూటికి 28 మంది చదువు రానోళ్లు, లేదా ప్రాథమిక బడి కూడా పూర్తిచేయనోళ్లు. ఆ వయసు పిల్లలందరినీ కలిపి చూస్తే నూటికి 18. ఆ పది మంది తేడా ఫోన్ రాకముందుదే. ఫోన్ వచ్చినంక తగ్గాల్సింది. మేం చూసిన బట్టీల కాడ తగ్గిన గుర్తు లేదు.

ఇక్కడికి వచ్చేసరికి మన ఉద్యమ మిత్రులే కొందరు ముఖం మాడ్చుకుంటారని మాకు తెలుసు. ఈ మాట ఓ టీ కొట్టు కాడ మాట్లాడితే మాతో 2009 డిసెంబర్‌లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు లాఠీలు తిన్న దోస్తే అన్నాడు. ‘మన పిల్లల బడులకే దిక్కు లేదు, ఒడిశా పోరల గురించి మనకెందుకన్నా, వాళ్ల సర్కారును అడుగు’ అని. కోపం రాలేదు, బాధైంది. వాడు చెడ్డోడు కాదు. వాడి ఊరి బడిలో టీచర్ లేడు, వాడి కడుపు మంట నిజం.

కానీ దోస్తూ, నువ్వూ మేమూ ఆనాడు ఏమని ఊరూరా తిరిగినం? బతకడానికి వచ్చినోళ్లతో మాకు పేచీ లేదు, దోచుకోవడానికి వచ్చినోళ్లతోనే మా కొట్లాట అని చెప్పినం. 1952లో సిటీ కాలేజీ కాడ నెత్తురు చిందించిన ముల్కీ పోరగాళ్లు మన కొలువులు తన్నుకుపోయినోళ్లను పొమ్మన్నారు గానీ, రాళ్లు కొట్టే కూలీని పొమ్మనలేదు. వలసాధిపత్యం వేరు, పొట్టకూటి వలస వేరు. ఈ తేడా చెప్పలేకపోతే మన కొట్లాటను అవతలోళ్లు ఎప్పుడో ఒట్టి ద్వేషం కింద జమకట్టేవాళ్లు. ఆ మాట నిజమా, నోటి మాటనా అన్నది తేలేది ఇప్పుడు, రాష్ట్రం చేతికి వచ్చినంక, బట్టీ కాడ. ఈ పిల్ల మన కొలువు తీసుకోలేదు, మన నీళ్లు మళ్లించుకపోలేదు. మన డబుల్ బెడ్‌రూం ఇండ్లకూ, మన బడి ప్రహరీలకూ ఇటుక చేసింది.

పైగా మనది వలస జాతి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసిన పేరు. భీవండి మగ్గాల మీద మన పద్మశాలీల బతుకులు తెల్లారినయి. సూరత్‌లో, బొంబాయిలో మనోళ్లు లక్షల్లో స్థిరపడ్డారు. అక్కడ ఏం చేశారో చూడండి. బొంబాయి కార్పొరేషన్ ఎనిమిది భాషల్లో బడులు నడుపుతున్నది, అందులో తెలుగు ఒకటి. సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడీ పెట్టింది, ఒడియా మీడియం బడీ పెట్టింది! శివసేన పుట్టిన బొంబాయిలో మన కూలీ బిడ్డకు తెలుగు అక్షరం దొరికింది. అమరవీరుల స్తూపం ఉన్న హైదరాబాద్ రాష్ట్రంలో ఒడియా కూలీ బిడ్డకు ఏం దొరుకుతున్నది? కేరళలో ఎర్నాకుళం జిల్లా 2017లోనే ‘రోష్ని’ పేరుతో వలస పిల్లల కోసం వాళ్ల భాష తెలిసినోళ్లను బడిలో పెట్టింది. మలయాళం వచ్చేదాకా పిల్ల భాషలోనే చెయ్యి పట్టి నడిపించారు.

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ బిడ్డలను కూడా అడుగుదాం. అక్కడ 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీ పిల్లల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అర్థం కాని భాషలో పాఠం చెప్పి అందరికీ సమానంగా చెప్పినం అంటే కుదరదని. 1982లో టెక్సస్ కేసులో కాగితాలు లేని వలసదారు పిల్లనైనా బడి నుంచి వెళ్లగొట్టొద్దని చెప్పింది. మనోళ్ల పిల్లలు అక్కడ ఆ నీడలోనే చదువుకుంటున్నారు. అక్కడ వలసొచ్చినోళ్లుగా మనకు కావాల్సిన న్యాయాన్ని ఇక్కడ స్థానికులుగా ఇయ్యం అంటే ఏమన్నట్టు?

మనకు చట్టం లేదా? ఉన్నది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ చదవండి. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకునే పూచీ స్థానిక సంస్థలదే అని రాసి ఉన్నది. ఎక్కడినుంచి వచ్చారు, ఎన్ని నెలలుంటారు అని అడగమనలేదు. వీలైనంత మేరకు అమ్మభాషలో చెప్పాలని ఇరవై తొమ్మిదో సెక్షన్. ఇంకో సంగతి. 1956 నవంబర్ 1 మనకు విద్రోహ దినం. ఆంధ్రతో మనల్ని కట్టేసిన ఆ రోజే రాజ్యాంగం ఏడో సవరణ అమల్లోకి వచ్చింది. భాషను బట్టి రాష్ట్రాలు గీసినప్పుడు ఆ గీతలకు అటూ ఇటూ మిగిలిపోయే పిల్లలు ఆగం కావద్దని అందులోనే 350ఏ అధికరణం పెట్టారు, ప్రాథమిక చదువు అమ్మభాషలో అందేటట్టు చూడాలని. మనకు ద్రోహం చేసిన రోజును డెబ్బై ఏండ్లుగా గుర్తుపెట్టుకున్నం. ఆ రోజే ఇచ్చిన ఈ మాటను మాత్రం మన సర్కారు కూడా మరిచింది.

బట్టీ యజమానులు ఏమంటారో మాకు తెలుసు. పిల్లలను మేం పనికి పెట్టలేదు, అమ్మానాయనల వెంట వచ్చారు అంటారు. వెయ్యి ఇటుకల లెక్కన కూలి కట్టి, అడ్వాన్సు ముందే ముఖాన కొట్టి, అది తీరేదాకా కదలనీయకపోతే పిల్ల చెయ్యి కూడా పడక తప్పదని వాళ్లకు తెలవదా? రాచకొండ పోలీసులు అప్పట్లో బట్టీల మీద పడి, స్వచ్ఛంద సంస్థలతో కలిసి పిల్లలకు అక్కడే బడి పెట్టించారు, ఒడిశా నుంచి పుస్తకాలు, టీచర్లు వచ్చారు. పోలీసోళ్లు చేయగలిగింది విద్యాశాఖ ఎందుకు చేయదు? ఒక ఆఫీసర్ మంచితనం మీద నడిచే బడి ఆ ఆఫీసర్ బదిలీ దాకనే. అది శాఖ పని కావాలె, బడ్జెట్‌లో పద్దు కావాలె.

ఉపాధ్యాయ సంఘాల మిత్రులారా, సకల జనుల సమ్మెలో చాక్‌పీస్ కింద పెట్టిన చేతులు మీవి. మీ మండలంలో బట్టీ ఉంటే ఒకసారి నడవండి. నంబర్ లేకున్నా పిల్లను కూర్చోబెట్టుకోండి, కంప్యూటర్ ఒప్పుకోకపోతే రూళ్ల కాగితం మీద హాజరు రాయండి. ఆ కాగితమే రేపు హైకోర్టులో సాక్ష్యమవుతుంది. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ హాస్టల్ గదుల్లో పక్కకు పడేసిన పాత ఫోన్లు ఎన్ని? ఒడియా పాఠాలు, ఒడియా లెక్కలు ఒక్కసారి దింపి పెడితే మళ్లీ నెట్ కూడా అవసరం లేదు. పది మంది పిల్లలకు ఒక ఫోన్ ఇచ్చినా సాయంత్రం ఓ గంట గడుస్తుంది. అయితే మీరు ఇచ్చే ఫోన్‌తో సర్కారు పీడ వదిలిందనుకోవద్దు. టీశాట్‌లో రోజుకు ఒక గంట ఒడియాకు ఇయ్యాలె. బట్టీకి లైసెన్స్ ఇచ్చేటప్పుడే పిల్లల షెడ్డు, కరెంటు, ఒడియా తెలిసిన ఒక మనిషి జీతం యజమాని నెత్తిన పెట్టాలె. ఆధార్ గడి ఖాళీగా ఉన్నా పేరు ఎక్కేటట్టు సాఫ్ట్‌వేర్ మార్చాలె. మన సాఫ్ట్‌వేర్ రాజధానికి ఇది ఒక్క పూట పని.

దీపావళి దాటంగనే కాంటాబాంజీ స్టేషన్‌లో సంచులు మళ్లీ కదులుతయి. అప్పటికి ఏ మండలంలో ఏ బట్టీ కింద బడి ఈడు పిల్లలు ఎంతమంది అనే లెక్క కలెక్టర్ల బల్లల మీద ఉండాలె. లేకుంటే మేమే తీస్తం. బట్టీ బట్టీకి తిరిగి, పిల్లల సంఖ్యా, పక్కనున్న బడి పేరూ, బట్టీ యజమాని పేరూ ఇదే పత్రికలో వారం వారం అచ్చేస్తం.